తెరమీది లావు, దేశం బరువు

2025 ఫిబ్రవరి 23న ఆకాశవాణిలో 'మన్ కీ బాత్' ప్రసంగం చేస్తూ ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ స్థూలకాయ సమస్యను ప్రస్తావించి, ప్రతి కుటుంబమూ వంటనూనె వాడకాన్ని 10 శాతం తగ్గించుకోవాలని కోరారు. మర్నాడు ఈ ప్రచారానికి పదిమంది ప్రముఖులను ఆయన ఎంపిక చేశారు. అందులో పారిశ్రామికవేత్తలున్నారు, క్రీడాకారిణులున్నారు, ఒక ముఖ్యమంత్రి, ఒక రాజ్యసభ సభ్యురాలు కూడా వున్నారు. మిగిలిన నలుగురూ వినోదరంగానికి చెందినవారు: మలయాళ నటుడు శ్రీ మోహన్‌లాల్, శ్రీ మాధవన్, భోజ్‌పురీ చిత్రాల కథానాయకుడు శ్రీ దినేశ్ లాల్ యాదవ్, గాయని శ్రీమతి శ్రేయా ఘోషాల్.

ప్రజలను ఒళ్ళు తగ్గించుకోమని చెప్పడానికి సినిమావారి సాయం కోరడంలో వింత లేదు. వారి మాట వినేవారు మంత్రుల మాట వినేవారికన్నా ఎక్కువ. అయితే లావుపాటి మనిషి కనబడగానే నవ్వడం ఈ దేశానికి నేర్పినది కూడా ఆ రంగమేనన్న సంగతి ఆ సందర్భంలో ఎవరూ తలచుకొన్నట్టు లేదు. ఆ నవ్వుకూ, నేడు రాజధాని నుంచి వెలువడుతున్న హితబోధకూ దగ్గర చుట్టరికం వున్నదని నా అభిప్రాయం. రెండూ లావును ఆ మనిషి తిండియావగా, సోమరితనంగా, అంటే అతని స్వంత తప్పుగానే చూస్తాయి.

హిందీ చిత్రసీమలో తొలి హాస్యనటిగా పేరుపొందిన టున్‌టున్ అసలు పేరు ఉమాదేవి. పసితనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకొని, ఉత్తరప్రదేశ్‌లోని ఒక పల్లె నుంచి బొంబాయికి పారిపోయి వచ్చి, సంగీత దర్శకుడు నౌషాద్ తలుపు తట్టిన సాహసి ఆమె. 1947లో వచ్చిన 'దర్ద్' చిత్రంలో ఆమె పాట ఉత్తరాది అంతటా మారుమోగింది. కొద్ది ఏళ్ళకే కొత్త గాయనులు, కొత్త బాణీలు రంగంలోకి వచ్చాయి. నౌషాద్ సలహాపై ఆమె నటన వైపు మళ్ళారు. 1950లో 'బాబుల్' చిత్రంలో దిలీప్‌కుమార్‌తో కలిసి నటించారు. టున్‌టున్ అన్న పేరు పెట్టినది కూడా ఆయనే. ఆ తరువాత 2003లో కన్నుమూసేవరకు ఆమె పేరు చెబితే ఎవరికీ ఆ గొంతు గుర్తు రాలేదు. ఆమె ఒళ్ళే హాస్యమయింది. ఆమెను చూసి సన్నపాటి మగవాడు బెదిరితే చాలు, హాలంతా ఘొల్లుమనేది. హిందీ ప్రాంతాల్లో లావుగా వున్న ఆడపిల్లను బడిలో తోటిపిల్లలు ఈ పేరుతోనే వెక్కిరించేవారు. ఒక కళాకారిణి పేరు తిట్టుగా మారిన సందర్భాలు మన చిత్రసీమలో ఎన్నో లేవు.

ఆ కాలానికి ఆ నవ్వులో ఒక న్యాయం లేకపోలేదు. 1943 బెంగాల్ క్షామం జ్ఞాపకాలు ఆరలేదు. 1960 దశకంలో పి.ఎల్. 480 కింద అమెరికా గోధుమలు వస్తే తప్ప రేషను దుకాణం తలుపు తెరుచుకోని రోజులవి. ప్రేక్షకుల్లో అత్యధికులకు రెండుపూటలా కడుపునిండా తిండి లేదు. అటువంటి దేశంలో తెరమీద బొజ్జ కనిపించిందంటే అది ధాన్యం దాచిన సేఠ్‌ది, వడ్డీ వ్యాపారిది, లేదా విందు ఆరగించి వచ్చిన పెద్దమనిషిది. ఆకలిగొన్నవాడు తిన్నవాణ్ణి చూసి నవ్వుకోవడం అది. ఆ నవ్వుకు సిగ్గుపడవలసిన పని లేదు. కాని అదే నవ్వు సేఠ్‌ను వదలి టున్‌టున్ మీదికి ఎప్పుడు మళ్ళిందో మనం గమనించలేదు.

తెలుగువారి విషయం కొంత భిన్నంగా వుండేది. చాలాకాలం తరువాత కలిసిన బంధువును 'కాస్త ఒళ్ళు చేశావురా' అంటే అది మెచ్చుకోలు. 'చిక్కిపోయావేమిటే తల్లీ' అంటే అది దిగులు. పుట్టింటికి వచ్చిన కూతురు సన్నబడి వుంటే అత్తవారింటిమీద అనుమానం. బొద్దుగా వున్న బిడ్డకు దిష్టి తీయని ఇల్లు లేదు. మన తెరపై ఎస్.వి. రంగారావు నిండు విగ్రహం రాజసానికి గుర్తు. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో ఆయన ఘటోత్కచుణ్ణి చూసి నవ్వాము గాని, ఆయన ఒంటిని చూసి కాదు. 1970లో పద్మశ్రీ అందుకొన్న రేలంగి బొద్దుతనం పక్కన రమణారెడ్డి బక్కతనం చేరితే పుట్టిన హాస్యంలో ఇద్దరికీ సమాన వాటా వుండేది. సూర్యకాంతం గారి నిండుతనం ఇంటి పెత్తనానికి గుర్తేగాని ఎగతాళికి కాదు. తరువాతి తరాల తెలుగు చిత్రాలు మాత్రం ఈ సంస్కారాన్ని నిలుపుకోలేకపోయాయి. లావుపాటి స్త్రీని కథానాయకుడి వెంట పరుగెత్తించి నవ్వులు పండించుకొనే పద్ధతి మనకూ దిగుమతి అయింది. అది ఇప్పటికీ పోలేదు.

ఈలోగా దేశం మారిపోయింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల లెక్కలు చూడండి. 2005-06లో ఎత్తుకు తగినదానికన్నా అధిక బరువున్న స్త్రీలు నూటికి 12.6 మంది, పురుషులు 9.3 మంది. 2019-21 సర్వేనాటికి స్త్రీలు 24 మంది, పురుషులు 22.9 మంది అయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలు 36.3, తెలంగాణలో 30.1. నేనున్న ఢిల్లీ నగరంలో అయితే 41.3! పిల్లల సంగతి మరింత ఆందోళనకరం. 5 నుంచి 19 ఏళ్ళ లోపు వయసులో స్థూలకాయం వున్నవారు 2022లో మన దేశంలో కోటి 25 లక్షల మంది అని 'లాన్సెట్' పత్రికలో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం లెక్కకట్టింది. 1990లో ఈ సంఖ్య నాలుగు లక్షలు.

ఇదే 2019-21 సర్వేలో రక్తహీనతతో బాధపడే స్త్రీలు నూటికి 57 మంది అని వుంది. అయిదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగిన ఎత్తు ఎదగనివారు 35.5 శాతం. ఇవి రెండు వేర్వేరు దేశాల లెక్కలు కావు. ఒకే వీధిలో, ఒక్కొక్కప్పుడు ఒకే ఇంట్లో, తల్లికి ఒళ్ళూ పెరుగుతున్నది, ఆమె నెత్తురులో ఇనుమూ తగ్గుతున్నది. తిండి ఎక్కువై లావెక్కారనే వాదం ఇక్కడే వీగిపోతుంది. కడుపు నింపే పదార్థాలు చవకయ్యాయి, ఒంటికి పట్టే పదార్థాలు ప్రియమయ్యాయి. పప్పు, కూర, గుడ్డు, పండు కొనలేనివాడికి పాలిష్ బియ్యం, పామాయిల్, పంచదార, అయిదు రూపాయల చిరుతిండి పొట్లం అందుబాటులో వున్నాయి. కూర్చుని చేసే ఉద్యోగాలు పెరిగాయి. నడిచే కాలిబాటలు మాయమయ్యాయి. ఢిల్లీ చలికాలపు గాలిలో పొద్దున్నే నడకకు వెళ్ళమని ఏ వైద్యుడూ ధైర్యంగా చెప్పలేడు. దేశంలోని మొత్తం రోగభారంలో 56.4 శాతానికి సరికాని ఆహారమే కారణమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో పేర్కొన్నది. మన ఊళ్ళోనే వున్న ఆ సంస్థ మాట మనం ఎంతవరకు విన్నామో అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ భోజనశాలలో మధ్యాహ్నంవేళ అన్నం మారు వడ్డించుకొనేవారిని చూస్తే తెలుస్తుంది. ఆ వరుసలో నేనూ నిలబడతాననుకోండి, అది వేరే సంగతి.

ఇక ప్రభుత్వం చేసినదేమిటి? ఫిబ్రవరిలో నూనె తగ్గించమన్నారు. మే నెలాఖరున ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై మౌలిక దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గించారు. ఆగస్టు 15న ఎర్రకోట బురుజుపైనుంచి, రానున్న రోజుల్లో ప్రతి ముగ్గురిలో ఒకరు స్థూలకాయులు కాగలరని నిపుణులు చెబుతున్నారంటూ ప్రధాని మళ్ళీ హెచ్చరించారు. సెప్టెంబరు 22 నుంచి అమలులోకి వచ్చిన జి.ఎస్.టి. సవరణల్లో బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీము, నమ్‌కీన్, నూడుల్స్ వంటివాటిపై పన్ను 12, 18 శాతాల నుంచి 5 శాతానికి దిగింది. తీపి కలిపిన గ్యాసు పానీయాలను మాత్రం 40 శాతం తరగతిలో వుంచారు. ధరలు అదుపుచేయాలి, పండుగలముందు కొనుగోళ్ళు పెరగాలి, వ్యాపారం సాగాలి అనే కారణాలు లేకపోలేదు. సుంకం తగ్గించమని వాణిజ్య వర్గాలు కోరడమూ సహజమే. కాని ఆర్థికశాఖవారూ ఆరోగ్యశాఖవారూ ఒకే ప్రభుత్వంలోని వారన్న సంగతి సామాన్యుడికి గుర్తుచేయవలసి వస్తున్నది. 2016లో కేరళ ప్రభుత్వం పేరున్న హోటళ్ళలో అమ్మే బర్గర్లు, పిజ్జాలమీద 14.5 శాతం పన్ను వేసింది. మరుసటి ఏడే జి.ఎస్.టి. రావడంతో ఆ ప్రయోగం ఫలితం తేలకుండానే ముగిసిపోయింది.

2025 వేసవిలో ఢిల్లీలో ఒక చిన్న ప్రహసనం జరిగింది. కార్యాలయాల్లో తినుబండారాలలోని నూనె, పంచదార పాళ్ళు తెలిపే బోర్డులు పెట్టమని కేంద్ర ఆరోగ్యశాఖ ఇతర శాఖలకు లేఖ రాసింది. సమోసా, జిలేబీలపై సిగరెట్టు పెట్టెలమీద వున్నట్టు హెచ్చరికలు రాబోతున్నాయని వార్త పుట్టింది. దేశం అట్టుడికిపోయింది. అటువంటి ఉద్దేశం లేదని, వీధి వ్యాపారులపై ఏ ఆంక్షా లేదని జూలైలో ప్రభుత్వం వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. ఆ నెలలోనే పార్లమెంటు క్యాంటీనులో రాగి ఇడ్లీ, జొన్న ఉప్మా వంటివి ప్రవేశపెట్టి, ఒక్కొక్క పదార్థం పక్కన ఎన్ని కేలరీలో ముద్రించారు. మంచిదే. గౌరవ సభ్యులు తమ ఉప్మాలో ఎన్ని కేలరీలున్నాయో చూసుకొని తినగలరు. వారిని ఎన్నుకొన్న మనిషి కిరాణాకొట్టులో కొనే పొట్లం మీద ఆ వివరం వెనుకవైపున, చీమతలకాయంత అక్షరాల్లో, చాలావరకు ఇంగ్లీషులో వుంటుంది.

అసలు తగాదా ఆ పొట్లం ముందువైపు గురించే. ఉప్పు, పంచదార, కొవ్వు హద్దుమీరిన పదార్థాలపై నల్లని అష్టభుజి గుర్తు వేయించే చట్టాన్ని చిలీ దేశం 2016లో అమలుచేసింది. మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022లో ప్రతిపాదించినది హెచ్చరిక గుర్తు కాదు, నక్షత్రాలు. అర నక్షత్రం నుంచి అయిదు నక్షత్రాలదాకా మార్కులు. ఎంత చెడ్డ చిరుతిండికైనా అర నక్షత్రం దక్కుతుందన్నమాట. నక్షత్రం మెచ్చుకోలు గుర్తేగాని హెచ్చరిక కాదని వైద్యులూ వినియోగదారుల సంఘాలూ అభ్యంతరం చెప్పాయి. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 2025 ఏప్రిల్‌లో న్యాయస్థానం మూడునెలల్లో తేల్చమన్నది. జూలైలో ఆ గడువు పొడిగించబడింది. పార్లమెంటు వ్యవహారాలు తెలిసినవారికి నక్షత్రం గుర్తు విలువ తెలుసు. ఆ గుర్తున్న ప్రశ్నకు మంత్రి లేచి నిలబడి జవాబు చెప్పాలి, ఉపప్రశ్నలు ఎదుర్కోవాలి. బిస్కెట్టు పొట్లం మీది నక్షత్రం ఏ కంపెనీనీ నిలబెట్టి అడగదు.

కంపెనీని అడగలేని సమాజం మనిషిని మాత్రం సులువుగా అడుగుతుంది. 2018 డిసెంబరులో రాజస్థాన్ ఎన్నికల ప్రచారంలో శ్రీ శరద్ యాదవ్ నాటి ముఖ్యమంత్రి శ్రీమతి వసుంధరా రాజే లావయ్యారని, విశ్రాంతి ఇవ్వాలని సభలో అన్నారు. తనకు అవమానం జరిగిందని ఆమె బాధపడ్డారు, ఆయన విచారం వెలిబుచ్చారు. పార్లమెంటులో దశాబ్దాల అనుభవం గల నాయకుడి నోట ఆ మాట వచ్చిందంటే ఆ నవ్వు ఎంత లోతుకు దిగిందో ఊహించవచ్చు. 2025 మార్చిలో భారత క్రికెట్ జట్టు నాయకుడు శ్రీ రోహిత్ శర్మ లావుగా వున్నాడని కాంగ్రెస్ అధికార ప్రతినిధి ఒకరు వ్యాఖ్యానించి, పార్టీ మందలించగా ఉపసంహరించుకొన్నారు. ఆ వారంలోనే అతడు ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్‌లో 76 పరుగులు చేసి జట్టును గెలిపించాడు. మగవాడు పరుగులు చేసి జవాబు చెప్పగలిగాడు. 2009లో ప్రభుత్వ విమాన సంస్థగా వున్న ఎయిరిండియా బరువు ఎక్కువైన కారణంగా కొందరు ఎయిర్‌హోస్టెస్‌లను కొలువు నుంచి తొలగించినప్పుడు ఆ స్త్రీలకు అటువంటి మైదానం దొరకలేదు.

కళాశాలలో షేక్‌స్పియర్‌ను చదువుకొన్నవారికి ఫాల్‌స్టాఫ్ గుర్తుండకపోడు. అతని బొజ్జమీద హాస్యమాడుతూ యువరాజు ఎన్నో రాత్రులు గడుపుతాడు. కిరీటం తలకెక్కిన రోజున ఆ ముసలివాణ్ణి ఎరగనంటాడు, పైపెచ్చు తిండి తగ్గించుకోమని నలుగురిలో నీతి చెబుతాడు. మన టెలివిజన్, మన ప్రభుత్వం కలిసి ఆడుతున్న నాటకం ఇంచుమించు ఇదే. రాత్రి తొమ్మిదింటికి హాస్య కార్యక్రమంలో లావుపాటి నటిమీద నవ్వు, నడుమ చిరుతిండి ప్రకటన, ఆ తరువాత నూనె తగ్గించుకోమని సందేశం. హాస్యనటి శ్రీమతి భారతీ సింగ్ వంటివారు ఇతరులు అనకముందే తమ ఒంటిమీద తామే జోకులు వేసుకొని పేరు సంపాదించుకొన్నారు. ఆమెను తప్పుపట్టను. టున్‌టున్ కాలం నుంచి లావుపాటి స్త్రీకి తెర ఇచ్చిన దారి ఆ ఒక్కటే.

కథానాయికకు ఆ దారి కూడా లేదు. 2015వ సంవత్సరం ఈ విషయంలో గుర్తుంచుకోదగినది. ఫిబ్రవరిలో 'దమ్ లగాకే హైశా' వచ్చింది. హరిద్వార్‌లోని ఒక సామాన్య కుటుంబపు లావుపాటి కోడలి కథ. నటి కుమారి భూమి పెడ్నేకర్‌కు తొలి చిత్రం. ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ అవార్డు పొందింది. ఆ పాత్రకోసం పెరిగిన ఆ నటి తరువాతి చిత్రాలకు సన్నబడక తప్పలేదు. నవంబరులో తెలుగులో 'సైజ్ జీరో' వచ్చింది. సన్నబరుస్తామనే సంస్థల మోసాన్ని ఎత్తిచూపిన ఆ చిత్రంకోసం కుమారి అనుష్క దాదాపు 20 కిలోలు పెరిగారు. చిత్రానికి ఆదరణ అంతంతమాత్రం. పెరిగిన బరువు తగ్గించుకోవడానికి ఆమె పడిన శ్రమ గురించి మాత్రం పత్రికలు ఏళ్ళతరబడి రాశాయి. మరుసటి ఏడు 'దంగల్' చిత్రానికి శ్రీ ఆమిర్ ఖాన్ బరువు పెరిగి తగ్గితే అది తపస్సుగా కీర్తి పొందింది.

ఈ రెండు చిత్రాల నడుమ, 2015 జూన్ 6న, 'నువ్వు నాకు నచ్చావ్'తో తెలుగు ప్రేక్షకుల అభిమానం చూరగొన్న నటి ఆర్తి అగర్వాల్ అమెరికాలోని న్యూజెర్సీలో మరణించారు. ఆమె వయస్సు 31 సంవత్సరాలు. అంతకు కొన్ని వారాలముందే కొవ్వు తీయించుకొనే శస్త్రచికిత్స జరిగిందని అప్పటి పత్రికలన్నీ రాశాయి. మరణకారణాన్ని నిర్ణయించడం వైద్యుల పని, నాది కాదు. ఆమె ఒళ్ళు చేసిన రోజుల్లో మన సినిమా పత్రికలు వేసిన ఫోటోలు, వాటికింద రాసిన వ్యాఖ్యలు మాత్రం నాకు గుర్తున్నాయి. ఆ రాతల్లో నా వృత్తివారి చేయి వున్నది. ఎగతాళివల్ల ఎవరూ సన్నబడరని, సిగ్గుతో వైద్యుడి వద్దకు వెళ్ళడం మానేస్తారని 2020లో 'నేచర్ మెడిసిన్' పత్రికలో అంతర్జాతీయ నిపుణులు ఉమ్మడి ప్రకటన చేశారు. మధుమేహం, రక్తపోటు ముదిరిపోయేదాకా ఆసుపత్రి గడప తొక్కని స్త్రీలు మన ఇళ్ళలో ఎందుకున్నారో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

ఇప్పుడు కొత్తగా సూదిమందులు వచ్చాయి. ఆకలిని అణచి బరువు తగ్గించే 'మౌంజారో' 2025 మార్చిలోను, 'వెగోవీ' జూన్‌లోను మన మార్కెట్టులో అడుగుపెట్టాయి. 2025 మార్చిలో వచ్చినప్పుడు మౌంజారో అతి చిన్న మోతాదు వెల 3,500 రూపాయలుగా వుండేది. వారానికొక సూది. వెగోవీలోని మందుకు మన దేశంలో పేటెంట్ గడువు 2026 మార్చి వరకే కావడంతో, హైదరాబాదు కంపెనీలతో సహా దేశీయ సంస్థలు తయారీకి ముందునుంచే సన్నాహాలు చేశాయి. పోటీవల్ల ధరలు దిగితే సంతోషమే. అవసరమైన రోగికి మందు అందాలి. ఎంత దిగినా నెలనెలా, ఏళ్ళతరబడి కొనవలసిన ఆ మందు నిర్మాణ కూలీకో, ఇళ్ళలో పాచిపని చేసే స్త్రీకో ఎప్పుడు అందుతుందన్నది వేరే ప్రశ్న.

నా ఆందోళన అక్కడే. ఈనాటికీ మన దేశంలో లావు సంపన్నుల ఇళ్ళలోనే ఎక్కువ. అమెరికాలో పేద స్త్రీలు, ఇంగ్లండులో వెనకబడిన పేటల ప్రజలు సంపన్నులకన్నా లావుగా వుండడం ఎన్నో ఏళ్ళ కిందటే మొదలైంది. అక్కడ ధనికుడు సన్నబడ్డాడు. మనమూ ఆ దారినే పోతున్నాం. వ్యాయామశాల, వంటమనిషి, పళ్ళు, సూదిమందు ఒకరికి. అయిదు శాతం పన్నుతో బిస్కెట్టు పొట్లం మరొకరికి. ఆకలి కాలంలో తెరమీది లావును చూసి పేదవాడు సేఠ్‌పై నవ్వాడు. మరి ఇరవై ఏళ్ళకు అదే తెరమీద, అదే జోకుకు, సేఠ్ కొడుకు పేదవాడి కూతురిపై నవ్వుతాడు. నక్షత్రమా, నల్లగుర్తా అన్న ఒక్క విషయాన్ని తేల్చడానికి 2022 నుంచి సాగుతున్న ఈ కాలయాపనలో బడిలో చేరిన పిల్లలు ఇప్పటికి మూడో తరగతి దాటారు.